గోల్ఫ్ ఐరన్ సెట్‌ను అంచనా వేయడం – 4వ పాఠం: పది బంతుల పరీక్ష

గత మూడు పాఠాల్లో బంతి జోలికి పోకుండానే సెట్‌ను పరిశీలించడం నేర్చుకున్నాం: లోఫ్ట్ (బంతిని తాకే ముఖం, అంటే ఫేస్, వెనక్కి వాలిన కోణం), లై (క్లబ్ నేల మీద ఆనినప్పుడు షాఫ్ట్ నేలతో చేసే కోణం), సోల్ (తల అడుగుభాగం) వెడల్పు, షాఫ్ట్ (కర్ర) బరువు. ఇప్పుడు కొట్టి చూద్దాం. ఈ పాఠాలు సింగిల్ డిజిట్ హ్యాండిక్యాప్ ఆటగాళ్ల కోసమని, అంటే బాగా ఆడగలిగేవాళ్ల కోసమని మరోసారి గుర్తు చేస్తున్నాను. బంతిని గాల్లోకి లేపడానికే తంటాలు పడేవాళ్లకు క్లబ్ నుంచి సాయం కావాలి. మీ స్థాయికి వచ్చాక ఐరన్‌ను అడగాల్సింది ఒక్కటే: ఒకేలా కొడితే ఒకే దూరం పోతోందా?

ముందుగా దూరం సంగతి తేల్చేద్దాం. కొత్త సెవెన్ ఐరన్ పది యార్డులు ఎక్కువ పోయిందని మురిసిపోకండి. ఒకప్పుడు సెవెన్ ఐరన్ లోఫ్ట్ 34, 35 డిగ్రీలు ఉండేది. దూరం కోసం చేసిన నేటి సెట్లలో అదే నంబరు 28–30 డిగ్రీలకు వచ్చేసింది, షాఫ్ట్ కూడా కాస్త పొడుగు. పాత సిక్స్ ఐరన్ మీదో, ఫైవ్ ఐరన్ మీదో 7 అంకె వేసి ఇచ్చినట్టే. అందుకే మీ పాత సెట్‌తో పోల్చేటప్పుడు నంబర్లు వదిలేసి, లోఫ్ట్ దగ్గరగా ఉన్న క్లబ్‌లను పక్కపక్కన పెట్టుకోండి.

ఇక పరీక్ష. లాంచ్ మానిటర్ (బంతి దూరం, స్పిన్ కొలిచే యంత్రం) ఉన్నచోట, మ్యాట్ మీద కాకుండా గడ్డి మీద కొట్టే వీలుంటే చూసుకోండి. మ్యాట్ మీద క్లబ్ బంతి వెనక తగిలినా జారుకుంటూ ముందుకు వెళ్లిపోతుంది. దాంతో సోల్ ఎలా పనిచేస్తోందో మీకు తెలియనే తెలియదు. బంతులు మీరు ఆడేవే వాడండి, రేంజ్ బంతుల లెక్కలు ఇక్కడ పనికిరావు. ఫేస్ మీద ఫుట్ పౌడర్ స్ప్రే పల్చగా కొట్టండి. కొత్త క్లబ్‌తో రెండు, పాతదానితో రెండు, ఇలా మార్చి మార్చి ఒక్కోదానితో పది బంతులు కొట్టండి. వరసగా ఒకే క్లబ్‌తో కొడితే ఒళ్లు దానికి అలవాటు పడిపోయి, లేని గొప్పతనం కనిపిస్తుంది.

ప్రతి బంతికీ రెండు విషయాలు రాసుకోండి: క్యారీ (బంతి గాల్లో వెళ్లి నేల తాకేదాకా దూరం) ఎంత, పౌడర్ మీద ముద్ర ఎక్కడ పడింది. సరిగా తగలని బంతి అంకెను జాబితాలోంచి తీసేయాలని చెయ్యి దురద పెడుతుంది. తీసేయకండి. మీలాంటి ఆటగాడి పొరపాటు అంటే ముద్ర అర అంగుళం టో (తల బయటి కొన) వైపు జరగడమో, ఒక గీత కిందకు దిగడమో. ఆ చిన్న పొరపాటుకు క్లబ్ ఎంత శిక్ష వేస్తుందో చూడటానికే ఈ పరీక్ష.

లెక్క తేలికగా అర్థం కావడానికి నేను కల్పించిన అంకెలు ఇస్తున్నాను. మొదటి క్లబ్ క్యారీలు: 160, 162, 158, 161, 151, 163, 159, 160, 154, 162. సగటు 159. రెండోదానివి: 168, 170, 166, 181, 169, 155, 171, 167, 179, 164. సగటు 169. అంగట్లో ఈ రెండో క్లబ్బే అమ్ముడుపోతుంది. నేనైతే తీసుకోను. సగటు పక్కన పెట్టి చివరలు చూడండి. మొదటిదానిలో అతి పొడవుకూ అతి పొట్టికీ తేడా 12 యార్డులు, రెండోదానిలో 26. చాలా గ్రీన్లలో పిన్‌కు (రంధ్రం దగ్గరి జెండా కర్రకు) ముందూ వెనకా అంత జాగా ఉండదు.

ఇప్పుడు ముద్రలు తీయండి. మొదటి క్లబ్‌లో 151 దగ్గర ముద్ర టో వైపు ఉందనుకోండి. కారణం దొరికింది, అది మీ స్వింగ్ పని. రెండోదానిలో 181 పోయిన బంతి ముద్ర ఫేస్ మధ్యలోనే ఉంటే? 170 పోయిన బంతి ముద్రా అక్కడే ఉంటే? అదే అసలు ప్రమాదం. ఆ రెండు బంతుల స్పిన్ (బంతి తిరిగే వేగం) అంకెలు కూడా చూడండి, పొడుగ్గా పోయినదానిది సాధారణంగా తక్కువ ఉంటుంది. ఫేస్ పల్చగా ఉండి, బరువు కిందకు దించి, లోఫ్ట్ తగ్గించిన ఐరన్లలో ఈ గుణం ఎక్కువగా కనిపిస్తుంది. పొట్టిగా పడే బంతికి ముందే జాగ్రత్త పడొచ్చు. మధ్యలో తగిలి, చెప్పకుండా గ్రీన్ దాటిపోయే బంతికి ఏ జాగ్రత్త పడతారు?

అలాగని బ్లేడ్లే (వెనక చదునుగా ఉండే పల్చటి తల ఐరన్లే) కొనమని కాదు. బరువును అంచులకు పంచే పద్ధతిని పింగ్ స్థాపకుడు కార్‌స్టెన్ సోల్‌హైమ్ ఊరికే ప్రచారంలోకి తేలేదు. పక్కన తగిలిన బంతి వేగం బ్లేడ్‌లో ఎక్కువ పడిపోతుంది, ఆ పడిపోవడం కూడా మీ పది అంకెల్లో కనిపిస్తుంది. ఫేస్ మందంగా ఉండే చిన్న కేవిటీ బ్యాక్‌లో (తల వెనక గుంటగా తొలిచినదానిలో) తేడా బ్లేడ్ కన్నా తక్కువ వస్తే, పేరుప్రతిష్ఠల కోసం బ్లేడ్ మోయడం ఎందుకు?

తర్వాత బంతి దిగే కోణం. అమెరికా ప్రొఫెషనల్ల పీజీఏ టూర్‌లో సెవెన్ ఐరన్ సగటు స్పిన్ సుమారు 7,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), బంతి దిగే కోణం 50 డిగ్రీల చుట్టూ. మన వేగానికి అంత రాకపోవచ్చు. కానీ 45 కన్నా బాగా తగ్గితే గట్టి గ్రీన్ మీద బంతి ఆగదు. ముఖ్యంగా ఫోర్, ఫైవ్ ఐరన్ల దగ్గర ఇది చూడండి. కోణం చాలకపోతే ఆ రెండు నంబర్లకు మాత్రం అదే కంపెనీ కాస్త సాయపడే మోడల్ తీసుకుని, మిగతావి చిన్న తలవి వాడుకోవచ్చు. కాంబో సెట్ అంటే ఇదే. రెండు మోడళ్లు కలిసేచోట మాత్రం క్యారీ తేడా కొలవండి. లోఫ్ట్‌లు పొసగక అక్కడ ఇరవై యార్డుల ఖాళీ వచ్చినా రావచ్చు.

రఫ్‌లోంచి (పొడుగ్గా పెరిగిన గడ్డిలోంచి) కూడా నాలుగైదు కొట్టండి. ఒక మాట: మీ పాత సెట్ 2010కి ముందు తయారైనదైతే దాని ఫేస్ మీది గాడుల అంచులు పదునుగా ఉండొచ్చు. ఆ ఏడాది అమల్లోకి వచ్చిన నియమం 25 డిగ్రీలు, అంతకన్నా ఎక్కువ లోఫ్ట్ ఉన్న క్లబ్‌లలో ఆ పదునును తగ్గించింది. కాబట్టి రఫ్‌లో కొత్తది కాస్త వెనకబడితే దాన్ని తప్పుబట్టకండి.

లై సరిచూడటం సులువు. బంతి వెనక మార్కర్‌తో నిలువు గీత గీసి, అది క్లబ్ ఫేస్ వైపు ఉండేలా పెట్టి కొట్టండి. ఫేస్ మీద పడ్డ గీత పైకొన టో వైపు వాలితే లై మరీ నిటారుగా ఉంది, కుడిచేతి ఆటగాడికి బంతి ఎడమకు పోతుంది. హీల్ (తలలో షాఫ్ట్ ఉన్న కొన) వైపు వాలితే దానికి ఉల్టా. మెత్తటి కార్బన్ స్టీల్‌తో ఫోర్జ్ చేసిన తలను రెండు డిగ్రీల దాకా వంచి సరిచేయించుకోవచ్చు కాబట్టి, ఈ ఒక్క లోపం కోసం సెట్‌ను వదులుకోనక్కర్లేదు.

ఫీల్ (బంతి తగిలినప్పుడు చేతికి తెలిసే స్పర్శ) గురించి అడుగుతారని తెలుసు. అందులో చాలా భాగం శబ్దమే. చెవుల్లో దూది పెట్టుకుని రెండు సెట్లూ కొట్టి చూడండి, మీ అభిప్రాయం ఎంత మారుతుందో తెలుస్తుంది.

వచ్చే పాఠం షాఫ్ట్ మీద. ఈలోగా మీ ప్రస్తుత సెట్‌లో ఫైవ్, సెవెన్, నైన్ ఐరన్లతో పదేసి బంతులు కొట్టి క్యారీలు, ముద్రలు, స్పిన్ రాసి పెట్టుకోండి. ఒకే బరువు తలకు రెండు షాఫ్ట్‌లు మార్చి పోల్చేటప్పుడు ఆ ముప్పై వరసలే మనకు కొలబద్ద.