‘ఎస్’ బటన్ నొక్కుడు పడట్లేదా? దాగున్న అడ్మినిస్ట్రేటర్‌తో ఇట్లా సరిచేయండి

మొన్న మిర్యాలగూడలో మా అక్కవాళ్లింట్లో కొత్త ప్రింటర్ పెట్టబోతే కంప్యూటర్ ఒప్పుకోలేదు. మేనల్లుడు దోస్త్‌లో (తెలంగాణ ఆన్‌లైన్ డిగ్రీ అడ్మిషన్లు) డిగ్రీ సీటు కాగితాలు ప్రింట్ తీయాలి. "షాపులో ఫార్మాట్ కొట్టాలన్నరు తమ్మీ, ఫొటోలన్నీ పోతయా?" అని అక్క ఒకటే టెన్షన్.

సమస్య: డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించేటప్పుడు విండోస్ అనుమతి అడుగుతుంది. కానీ పాస్‌వర్డ్ కొట్టే గడి లేదు, ‘ఎస్’ వెలిసిపోయి ఉంది. ‘నో’ ఒక్కటే పనిచేస్తోంది.

కారణం: వైరస్ కాదు. ఇంట్లో ఉన్నది ఒక్క అకౌంట్. సెట్టింగులు కదిలిస్తూ పిల్లగాడు దాన్ని అడ్మినిస్ట్రేటర్ నుంచి స్టాండర్డ్‌కు మార్చాడు. ఇక ‘సరే’ అనే అధికారం ఎవరికీ లేదు. అయితే విస్టా కాలం నుంచీ విండోస్‌లో ‘అడ్మినిస్ట్రేటర్’ అనే అకౌంట్ ఒకటి ఆపేసి, దాచి ఉంటుంది. పనిచేసే అడ్మిన్ ఇంకెవరూ లేనప్పుడు సేఫ్ మోడ్‌లో (విండోస్ కనీస భాగాలతోనే తెరుచుకునే పద్ధతి) అది లోపలికి రానిస్తుంది.

పరిష్కారం: ముందు బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) 48 అంకెల కీ దగ్గర పెట్టుకోండి, మధ్యలో అడగొచ్చు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చూడండి. షిఫ్ట్ పట్టుకొని రీస్టార్ట్ నొక్కండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. లిస్టు వచ్చాక 6 కొట్టండి, అంటే కమాండ్ ప్రాంప్ట్‌తో (ఆదేశాలు టైప్ చేసే నల్ల తెర) సేఫ్ మోడ్. అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అవ్వండి, చాలావాటికి పాస్‌వర్డ్ ఉండదు. నల్ల తెర మీద ‘నెట్ యూజర్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే అకౌంట్ పేర్లు కనబడతాయి. తర్వాత ‘నెట్ లోకల్‌గ్రూప్ అడ్మినిస్ట్రేటర్స్’, ఖాళీ వదిలి మీ అకౌంట్ పేరు, మళ్లీ ఖాళీ వదిలి ‘/యాడ్’. పేరు మధ్యలో ఖాళీ ఉంటే దాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టాలి. అట్లనే రీస్టార్ట్ చేస్తే అక్కవాళ్లింట్లో ‘ఎస్’ నొక్కుడు పడింది. ఫొటోలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

మీ అకౌంట్‌కు అడ్మిన్ అధికారం ఉండి, దాగున్నదాన్ని తెరవాలంటే ‘నెట్ యూజర్ అడ్మినిస్ట్రేటర్ /యాక్టివ్:యెస్’ చాలు. ‘సిస్టం ఎర్రర్ 5’ వస్తే కమాండ్ ప్రాంప్ట్ మామూలుగా తెరిచారన్నమాట. రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంచుకోండి. ఆ అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌ను తెరిచిన వెంటనే దానికి పాస్‌వర్డ్ పెట్టండి. అందులో ఏ ప్రోగ్రామైనా అనుమతి అడగకుండానే నడుస్తుంది కాబట్టి రోజువారీ పనికి వాడకండి. పనైపోగానే ‘యెస్’ చోట ‘నో’ కొట్టి మూసేయండి.