పాత కట్టడానికి మరమ్మతు చేసే ముందు: వారసత్వ నిబంధనలు, అనుమతులు, దరఖాస్తు తయారీ

చార్మినార్ పరిసరాల్లోనో, గోల్కొండ కోట గోడల లోపలో, ఓరుగల్లు కోటలోనో తాతల నాటి ఇల్లు ఉన్నవారు మరమ్మతు తలపెట్టగానే మేస్త్రీని పిలుస్తారు, అంచనా వేయించుకుంటారు, అడ్వాన్సు కూడా ఇచ్చేస్తారు. పని సగంలో ఉండగా నోటీసు అందుతుంది. ఆ ఇంటికి గాని, అది ఉన్న స్థలానికి గాని ఏ చట్టం వర్తిస్తుందో ముందుగా తేల్చుకుని ఉంటే ఈ నష్టంలో చాలా భాగం తప్పేది. సొంత పాత ఇల్లు ఉన్నవారికీ, తమ వీధిలోని పాత కట్టడం కూలిపోకుండా ఆపాలనుకునేవారికీ ఏ క్రమంలో ఏం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఏ చట్టం వర్తిస్తుంది?

పాత కట్టడాల రక్షణ మూడు అంచెలలో ఉంటుంది, ఒకే ఇంటికి ఒకటి కంటే ఎక్కువ అంచెలు వర్తించవచ్చు. మొదటిది కేంద్రానిది. 1958 నాటి ప్రాచీన కట్టడాలు, పురావస్తు స్థలాలు, అవశేషాల చట్టం కింద జాతీయ ప్రాధాన్యం ఉన్నవిగా ప్రకటించిన చార్మినార్, గోల్కొండ, ఓరుగల్లు కోట, రామప్ప, లేపాక్షి, గండికోట, చంద్రగిరి, ఉండవల్లి గుహల వంటివి భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ సంరక్షణలో ఉంటాయి. ఈ చట్టం ఆ కట్టడాలతో ఆగదు, వాటి చుట్టూ ఉన్న ఇళ్లకూ వర్తిస్తుంది. రెండో అంచె రాష్ట్రానిది. ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి చట్టమూ, తెలంగాణలో 2017లో వచ్చిన వారసత్వ చట్టమూ రాష్ట్ర రక్షిత కట్టడాలకు ఆధారం. కుతుబ్‌షాహీ సమాధులు ఇలా రాష్ట్ర రక్షణలో ఉన్నవే. మూడోది స్థానికం, అంటే నగరపాలక సంస్థ లేదా పట్టణాభివృద్ధి సంస్థ తన నిర్మాణ నిబంధనలలో చేర్చుకునే వారసత్వ కట్టడాల జాబితా, దాని మీద సలహా ఇచ్చే కమిటీ.

హైదరాబాద్‌లో ఈ మూడో అంచె కథ కొంచెం వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే పాత కాగితాలు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరిగేవారు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ముంబయి తన వారసత్వ నిబంధనలను తెచ్చిన 1995లోనే ఇక్కడ కూడా అప్పటి పట్టణాభివృద్ధి సంస్థ జోనింగ్ నిబంధనలలో (ఏ ప్రాంతంలో ఏం కట్టవచ్చో చెప్పేవి) వారసత్వ కట్టడాల రక్షణ కోసం 13వ నిబంధనను చేర్చారు. దాని కింద 1998లో నూటికి పైగా కట్టడాలు జాబితాకు ఎక్కాయి. కోట్ల ఏళ్ల నాటి రాతి గుట్టలకు సైతం ఈ నిబంధన కింద రక్షణ కల్పించారు, నగరపు గుర్తింపులో గుట్టలకూ చోటుందని ఒప్పుకున్న ఆ నిర్ణయాన్ని నేను ఇప్పటికీ గౌరవంతో తలచుకుంటాను. 2015 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ 13వ నిబంధనను తొలగించింది, ఆ తర్వాత 2017 చట్టం వచ్చింది. నిబంధన పోయింది కాబట్టి రక్షణ కూడా పోయినట్లేనని కొందరు బిల్డర్లు యజమానులకు చెబుతుంటారు. ఆ మాట నమ్మి గోడ మీద గడ్డపార వేయకండి. కొత్త శాసనసభ కోసం, ఆ జాబితాకెక్కిన పాత మహలు ఎర్రమంజిల్‌ను కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని తెలంగాణ హైకోర్టు 2019 సెప్టెంబరులో కొట్టివేసింది. సాక్షాత్తూ ప్రభుత్వమే తలపెట్టిన కూల్చివేత నిలవనప్పుడు ఒక ప్రైవేటు యజమాని ధీమా ఎంతవరకు నిలుస్తుందో ఆలోచించుకోవాలి.

కాబట్టి మొదటి పని అడగడం, అదీ రాతపూర్వకంగా అడగడం. నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్ విభాగానికీ, రాష్ట్ర పురావస్తు లేదా వారసత్వ శాఖకూ సమాచార హక్కు చట్టం కింద వేర్వేరుగా దరఖాస్తు పెట్టండి. ఇంటి నంబరు, సర్వే నంబరు రాసి, ఈ కట్టడం గాని ఈ వీధి గాని ఏ వారసత్వ జాబితాలోనైనా ఉన్నదా, ఉంటే ఏ జీవో ద్వారా, ఏ తేదీన, ఏ గ్రేడులో చేర్చారు, నేటికి ఆ ఉత్తర్వు అమలులో ఉన్నదా అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ జవాబు పత్రాన్ని జాగ్రత్తగా దాచుకోండి, రేపు ఎవరైనా ఫిర్యాదు చేసినా మీ చేతిలో ఉండే మొదటి ఆధారం అదే.

రక్షిత కట్టడానికి దగ్గరలో ఉన్న ఇళ్లు

1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి నాలుగు వైపులా 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అంటే మొత్తం 300 మీటర్ల వలయం. ఈ దూరాన్ని కట్టడం మధ్య నుంచి కొలవకూడదు. రక్షిత ప్రాంతపు సరిహద్దు నుంచి మీ స్థలంలో దానికి అతి దగ్గరగా ఉన్న మూల వరకు కొలవాలి. గోల్కొండ, ఓరుగల్లు వంటి కోటల విషయంలో ఈ తేడా చాలా పెద్దది, ఎందుకంటే అక్కడ రక్షిత హద్దు మనం చూడటానికి వెళ్లే గోపురం దగ్గరో తోరణం దగ్గరో కాకుండా ప్రాకారం వెంబడి సాగిపోతూ ఉండవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ ఉపగ్రహ పటాల సాయంతో దూరాన్ని స్థూలంగా చూసుకోవచ్చు గాని, దరఖాస్తుకు మాత్రం పురావస్తు సర్వేక్షణ సంస్థ సర్కిల్ (ప్రాంతీయ) కార్యాలయం వారి హద్దుల పటమే ప్రమాణం.

నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణం చేపట్టకూడదు, ఉన్నదాన్ని పడగొట్టి అదే కొలతల్లో తిరిగి కట్టడం కూడా కుదరదు. అయితే 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇంటికి, లేదా ఆ తర్వాత పురావస్తు సర్వేక్షణ సంస్థ డైరెక్టర్ జనరల్ ఆమోదంతో కట్టిన ఇంటికి, మరమ్మతు, నవీకరణ చేసుకునేందుకు అనుమతి అడిగే హక్కు యజమానికి ఉంది. ఈ ఒక్క తేదీ మీదనే ఎన్నో దరఖాస్తుల భవితవ్యం ఆధారపడుతుంది కాబట్టి, ఆ తేదీకి ముందరి ఆస్తి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, నల్లా బిల్లులు, రిజిస్టరు దస్తావేజులు, భాగపంపిణీ పత్రాలు ఏవి దొరికితే అవి ముందే వెతికి పెట్టుకోవాలి. నియంత్రిత ప్రాంతంలో కొత్తగా కట్టుకోవడానికైనా, తిరిగి కట్టుకోవడానికైనా, మరమ్మతుకైనా ముందస్తు అనుమతి ఉంటే చాలు.

దరఖాస్తు సక్షమ ప్రాధికారికి, అంటే ఈ అనుమతుల కోసం కేంద్రం నియమించిన అధికారికి, చేరిన 15 రోజుల్లో ఆయన దాన్ని కేంద్ర స్థాయిలోని జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి, ఆ సంస్థ రెండు నెలల్లో తన అభిప్రాయం తెలపాలి, అది అందిన నెలలోపు సక్షమ ప్రాధికారి అనుమతి ఇవ్వడమో నిరాకరించడమో చేయాలి. నిరాకరించే ముందు మీ వాదన వినాలి, కారణాలను రాతపూర్వకంగా తెలపాలి. వానకాలం నాటికి పైకప్పు బాగుచేసుకోవాలనుకునేవారు సంక్రాంతి నాటికే దరఖాస్తు పెట్టడం మంచిది. అనుమతి లేకుండా పని మొదలుపెడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడే అవకాశం ఉంది.

ఎత్తు గురించి ఒక జాగ్రత్త. అనుమతి పత్రంలో రాసే ఎత్తులో పిట్టగోడ, మెట్ల గది, నీళ్ల ట్యాంకు కూడా కలిసే ఉంటాయి. నగరపాలక సంస్థకు ఇచ్చే ప్లానులో ఒక ఎత్తు, ఇక్కడ మరో ఎత్తు చూపితే తర్వాత రెండు చోట్లా చిక్కే. రెండు దరఖాస్తులకూ ఒకే డ్రాయింగు వాడండి.

స్థానిక జాబితాలోని కట్టడాలు

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2016లో విడుదల చేసిన మాదిరి భవన నిర్మాణ నిబంధనావళిలో వారసత్వ స్థలాలకు ఒక ప్రత్యేక అధ్యాయం ఉంది. మీ ఊరి నిబంధనలు దీన్ని ఎంతవరకు స్వీకరించాయో టౌన్ ప్లానింగ్ విభాగంలో అడిగి తెలుసుకోవాలి గాని, అందులోని పద్ధతి అర్థమైతే ఏ నగరపు నిబంధనలు చదివినా దారి తెలుస్తుంది. కట్టడాలను మూడు గ్రేడులుగా విభజిస్తారు. మొదటి గ్రేడు జాతీయ, చారిత్రక ప్రాధాన్యం ఉన్నవాటికి. వాటిని బలపరచి ఆయుష్షు పెంచే అత్యవసర పనులు తప్ప లోపల గాని బయట గాని మార్పులు ఒప్పుకోరు. రెండో గ్రేడు ప్రాంతీయ, స్థానిక ప్రాధాన్యం ఉన్నవాటికి. లోపలి మార్పులకు, కొత్త ఉపయోగానికి కొంత వీలుంటుంది. మూడో గ్రేడు వీధి రూపానికి ముఖ్యమైనవాటికి. అక్కడ బయటి మార్పులు కూడా పరిసరాలకు నప్పేలా చేసుకోవచ్చు.

చాలామందికి ఆశ్చర్యం కలిగించే సంగతి ఏమిటంటే, జాబితాలోని కట్టడానికి కూల్చివేతకూ పెద్ద మార్పులకూ మాత్రమే కాదు, రంగు వేయడానికీ, ప్లాస్టరింగ్‌కీ, ప్రత్యేక అలంకరణలను మార్చడానికీ కూడా ముందు అనుమతి కావాలి. ఇది అతిగా కనిపించవచ్చు. కానీ సున్నపు గోడ మీద ప్లాస్టిక్ పెయింటు పూస్తే గోడలోని చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, రెండు మూడు వానకాలాల్లో గచ్చు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. కాబట్టి ఈ నిబంధన వెనుక గట్టి కారణమే ఉందని నా అభిప్రాయం.

యజమానికి మేలు చేసే అంశాలు కూడా అదే అధ్యాయంలో ఉన్నాయి, వాటిని అడిగేవారే తక్కువ. వారసత్వ షరతుల వల్ల మీకు రావలసిన అంతస్తుల హక్కు పోతే దానికి బదులుగా బదిలీ చేసుకోదగిన అభివృద్ధి హక్కు (టీడీఆర్), అంటే వేరే చోట వాడుకోవడానికో అమ్ముకోవడానికో వీలైన నిర్మాణ హక్కు, కోరవచ్చు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు జాబితాలోని కట్టడాలకు హాని కలగని విధంగా చేయాలని కూడా ఉంది. మీ ఇంటి గోడ మీద వెడల్పు గుర్తు వేసి వెళ్లిన రోజున అభ్యంతర పత్రంలో మొట్టమొదట ప్రస్తావించవలసింది ఈ అంశాన్నే. వారసత్వ కమిటీ సిఫార్సును అధికారులు కాదనాలంటే అసాధారణ పరిస్థితుల్లో, కారణాలు రాతలో నమోదు చేసి మాత్రమే కాదనాలి. ఆ కారణాల ప్రతిని అడిగి తీసుకోండి.

దరఖాస్తులో ఏముండాలి

కమిటీ సభ్యులు మీ ఇంటిని చూడకముందే మీ కాగితాలను చూస్తారు. అందుకని పని మొదలుకాకముందే ఇంటిని నాలుగు వైపుల నుంచీ, వీధి రెండు కొసల నుంచీ, ప్రతి గదీ, ప్రతి పగులూ తేదీతో సహా ఫొటోలు తీయించాలి. తలుపులు, కిటికీల కమానులు, గచ్చు నగిషీ, చెక్క స్తంభాలు, దూలాలు, వాసాలు, మద్రాసు టెర్రస్ (చెక్క దూలాల మీద ఇటుక, సున్నంతో వేసే) పైకప్పు వంటివాటికి విడివిడిగా ఫొటోలు కావాలి. తర్వాత ఉన్నది ఉన్నట్లుగా కొలిచి గీసిన ప్లాను, ఎలివేషన్ (బయటి వైపు రూపం), సెక్షన్ (నిలువు కోత చిత్రం) ఉండాలి. కొత్తగా చేయదలచిన పనిని వేరే రంగులో గుర్తించాలి, ఉన్నదానికీ చేయబోయేదానికీ తేడా తెలియని డ్రాయింగు మీదనే ఎక్కువ ప్రశ్నలు వచ్చి ఫైలు తిరిగొస్తుంది.

ఆ తర్వాతి భాగమే దరఖాస్తుకు ప్రాణం. ఏ దెబ్బ ఎందుకు తగిలింది, దాన్ని ఏ సామగ్రితో, ఏ పద్ధతిలో సరిచేస్తారు అన్నది విడివిడిగా రాయాలి. గోడ అడుగున చెమ్మ ఎక్కుతుంటే కారణం పగిలిన తూము కావచ్చు, గోడకు ఆనించి పోసిన కాంక్రీటు కావచ్చు. కారణం తీసేయకుండా గోడకు సిమెంటు పూత వేస్తామని రాస్తే కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. సిమెంటు గట్టిగా ఉండి కదలదు, పాత సున్నపు కట్టుబడి కొద్దికొద్దిగా కదులుతుంది, ఊపిరి తీసుకుంటుంది. రెండూ కలిస్తే పాతదే పగులుతుంది. గానుగలో ఆడించిన సున్నానికి బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపే పాత పద్ధతి తెలిసిన పనివారు ఇప్పటికీ ఉన్నారు, వారి చేత ముందుగా ఒక చదరపు మీటరు మేర నమూనా చేయించి, దాని ఫొటో దరఖాస్తుకు జతచేస్తే చాలా అనుమానాలు అక్కడే తీరిపోతాయి. కొత్త స్నానాల గది, కరెంటు తీగలు, ఏసీ గొట్టాలు వంటివి తర్వాత తీసేసినా పాత గోడకు గాయం కాని చోట పెడతామని చూపించండి.

శిథిల భవనం నోటీసు వస్తే

వానకాలం ముందు నగరపాలక సంస్థలు పాత ఇళ్లకు శిథిల భవనాలుగా నోటీసులు ఇస్తుంటాయి. ఎన్నో మంచి కట్టడాలు ఈ దారిలోనే నేలమట్టమయ్యాయి, కొన్నిసార్లు యజమానులే అమ్మకానికి వీలుగా ఆ నోటీసు కోసం ఎదురుచూస్తారన్నది బాధ కలిగించే నిజం. నోటీసు అందిన వెంటనే లోపలివారిని, ముఖ్యంగా బాల్కనీ కింద ఉండేవారిని సురక్షిత చోటికి మార్చి, కదిలే భాగానికి పోట్లు (ఊత కర్రలు) పెట్టించాలి. పాత కట్టుబడిలో అనుభవం ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీరు చేత పరీక్ష చేయించి, ఏ భాగం ప్రమాదకరం, ఏ భాగం నిలబడుతుంది అని విడదీసి నివేదిక రాయించాలి. గడువులోపు ఆ నివేదికతో నగరపాలక సంస్థకు జవాబిస్తూ, ప్రతిని వారసత్వ శాఖకూ పంపి, రెండు చోట్లా అందినట్లు ముద్ర వేయించుకోవాలి. ఒక బాల్కనీ కూలే స్థితిలో ఉన్నంత మాత్రాన ఇల్లంతా కూల్చవలసిన పని లేదు.

మీ వీధి కోసం

సొంత ఇల్లు కాకపోయినా పౌరులకు రెండు అవకాశాలున్నాయి. ఒక కట్టడాన్ని జాతీయ ప్రాధాన్యం ఉన్నదిగా ప్రకటించే ముందు కేంద్రం రెండు నెలల నోటీసు ఇస్తుంది, ఆ లోపు సంబంధం ఉన్న ఎవరైనా అభ్యంతరం పంపవచ్చు. అలాగే ఒక్కో రక్షిత కట్టడం చుట్టుపక్కల ఎత్తు, రూపం, రంగు ఎలా ఉండాలో చెప్పే వారసత్వ ఉపనిబంధనల ముసాయిదాలను జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ ప్రజల ముందు పెడుతుంది. రక్షిత కోటల లోపల, చుట్టూ కాపురముండే కుటుంబాలు ఈ ముసాయిదాలను తప్పకుండా చదవాలి, ఎందుకంటే రాబోయే కాలంలో వారి పిల్లలు ఒక గది వేసుకోవచ్చో లేదో అందులోని పట్టికలే నిర్ణయిస్తాయి.

స్థానిక జాబితాలో కొత్త పేరు చేర్చమని కోరేటప్పుడు, మా వీధి అందమైనది అని రాస్తే సరిపోదు. ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టించారు, ఏ సామగ్రితో, ఏ శైలిలో ఉంది, పక్క కట్టడాలతో కలిసి వీధికి ఏ రూపం ఇస్తోంది, ఇప్పుడు ఏ ముప్పు ఉంది అన్న విషయాలు రెండు పుటలలో రాసి, పాత ఫొటోలు, దస్తావేజుల నకళ్లు జతచేయాలి. యజమాని సమ్మతి ఉంటే దాన్ని కూడా జతచేయండి, లేకపోతే ఆయనతో ముందుగా మాట్లాడి, టీడీఆర్ వంటి వెసులుబాట్లు వివరించండి. యజమానికి తెలియకుండా పెట్టిన వినతి పత్రం వల్ల రాత్రికి రాత్రే గోడలు పడిపోయే ప్రమాదం ఉంటుంది.