మిల్లు స్టాక్ యాప్‌ను బయటి నుంచి తెరవాలంటే: ముందు తాళం, తర్వాతే తలుపు

పర్లాకిమిడిలో మిల్లు, సరిహద్దు దాటితే పాతపట్నంలో గోదాము, లెక్కలు రాసే గుమస్తా బరంపురంలో. బస్తాల లెక్క చూపే యాప్ మాత్రం మిల్లు ఆఫీసులో ఒకే కంప్యూటర్లో నడుస్తుంటుంది. దాన్ని ముగ్గురూ ఎక్కడినుంచైనా తెరవగలగాలి, నాలుగో మనిషికి లోపలేముందో కూడా తెలియకూడదు. రౌటర్లో పోర్టు (యాప్‌కు చేరే నంబరు దారి) తెరిచేస్తే సరిపోదా అంటే, సిమ్ ఇంటర్నెట్‌లో సాధారణంగా మీకంటూ పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరుకునే నెట్ చిరునామా) ఉండదు, కాబట్టి పనిచేయదు. పనిచేస్తే ఇంకా ప్రమాదం, దారినపోయే ప్రతివాడూ పాస్‌వర్డ్ కొట్టి చూస్తాడు.

క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సేవల కంపెనీ ఇచ్చే యాక్సెస్‌ను (ఎవరు రావచ్చో చూసే కాపలా) గేటుగా, దాని టన్నెల్‌ను (మిల్లు కంప్యూటర్ తనే క్లౌడ్‌ఫ్లేర్‌కు వేసే లైను) దారిగా పెట్టుకునే పద్ధతి ఇది. 50 మంది వరకు ఉచిత ప్లానే చాలు. సొంత డొమైన్ (వెబ్ చిరునామా పేరు) ఉండాలి, కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి.

1. డొమైన్. క్లౌడ్‌ఫ్లేర్ ఖాతాలో డొమైన్ చేర్చి, కొన్నచోట నేమ్‌సర్వర్లను (ఆ పేరు ఎక్కడికి పోవాలో చెప్పే సర్వర్లు) క్లౌడ్‌ఫ్లేర్ ఇచ్చినవాటికి మార్చండి. ఒక్కోసారి 24 గంటలు పడుతుంది, ముందురోజే చేసిపెట్టుకోండి.

2. పెరటి తలుపు మూయండి. యాప్ సెట్టింగుల్లో వినే చిరునామా 0.0.0.0 (నెట్‌వర్క్‌లో ఎవరైనా) అని ఉంటే 127.0.0.1 (ఈ కంప్యూటర్ మాత్రమే) చేయండి, పోర్టు 8080 అనుకుందాం. ఇది చేయకపోతే మిల్లు వైఫై పాస్‌వర్డ్ తెలిసిన లారీ క్లీనర్ కూడా ఆ కంప్యూటర్ లోకల్ ఐపీ కొట్టి, గేటుతో పనిలేకుండా లోపలికొస్తాడు. దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది: నెట్ పోతే ఆ ఒక్క కంప్యూటర్లోనే యాప్ తెరుచుకుంటుంది. అది భరించాల్సిందే.

3. గేటు. టన్నెల్ కంటే ముందు ఇది చేయాలి. చాలామంది తలకిందులుగా చేసి, ఆ మధ్యలో యాప్‌ను బయటకు వదిలేస్తారు. క్లౌడ్‌ఫ్లేర్ జీరో ట్రస్ట్ డ్యాష్‌బోర్డులో (ఇవన్నీ అమర్చే పేజీ) యాక్సెస్ కింద సెల్ఫ్-హోస్టెడ్ అప్లికేషన్ ఒకటి సృష్టించి, 'స్టాక్' అనే సబ్‌డొమైన్ (డొమైన్ ముందు చేర్చే పేరు) ఇవ్వండి. పాత్ (చిరునామాలో డొమైన్ తర్వాత వచ్చే భాగం) ఖాళీగా వదలండి. అక్కడ ఏదైనా రాస్తే ఆ పేజీకి మాత్రమే కాపలా ఉంటుంది, మిగతాదంతా బార్లా.

4. పాలసీ, అంటే గేటు ఎవరిని వదలాలో చెప్పే నియమాలు. అసలు తప్పులన్నీ ఇక్కడే. యాక్షన్ 'అలౌ' ఉండాలి. 'బైపాస్' అంటే కాపలా తీసేసినట్టే. 'ఇన్‌క్లూడ్'లో ముగ్గురి ఈమెయిళ్లు విడివిడిగా రాయండి. బద్ధకించి 'జీమెయిల్‌తో ముగిసేవి' అని పెట్టారా, జీమెయిల్ ఉన్న లోకమంతా మీ మిల్లు గుమస్తాలే. భారత్ నుంచే తెరవాలనుకుంటే దేశం నియమాన్ని 'రిక్వైర్'లో పెట్టండి. ఇన్‌క్లూడ్‌లో పెడితే ఆ నియమాల్లో ఏ ఒక్కటి కుదిరినా చాలు, అంటే దేశమంతటికీ తలుపు తీసినట్టు. రిక్వైర్‌లో ఉన్నవన్నీ కుదరాలి. ఫలానా ఐపీ నుంచే అని నియమాలు రాయకండి. సరిహద్దులో ఫోన్ ఏ టవర్ పట్టుకుంటుందో, ఏ ఐపీతో బయటికెళ్తుందో మన చేతిలో లేదు.

లాగిన్‌కు వన్-టైమ్ పిన్ చాలు, కోడు ఈమెయిల్‌కు వస్తుంది. సెషన్ (ఒకసారి లాగిన్ అయ్యాక మళ్లీ కోడు అడగని కాలం) మామూలుగా 24 గంటలు. పదిమంది కూర్చునే కంప్యూటర్ అయితే తగ్గించండి.

5. టన్నెల్. డ్యాష్‌బోర్డులో టన్నెల్ సృష్టిస్తే టోకెన్‌తో కూడిన కమాండ్ ఇస్తుంది. దాన్ని మిల్లు కంప్యూటర్లో అడ్మిన్ హక్కులతో నడిపితే క్లౌడ్‌ఫ్లేర్‌డీ (టన్నెల్ నడిపే ప్రోగ్రామ్) సర్వీసుగా, అంటే కంప్యూటర్ లేవగానే దానంతటదే మొదలయ్యేలా కూర్చుంటుంది. ఆ టోకెన్ తాళంచెవి లాంటిది, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. లోపలికి ఏ పోర్టూ తెరవక్కర్లేదు. బయటకు 7844 (టీసీపీ, యూడీపీ) వెళ్లనిస్తే చాలు. తర్వాత అదే సబ్‌డొమైన్‌ను 127.0.0.1:8080కి కలిపి, అదనపు సెట్టింగుల్లో 'ప్రొటెక్ట్ విత్ యాక్సెస్' ఆన్ చేయండి. లాగిన్ అయ్యాక గేటు ఇచ్చే టోకెన్ (పైదానికి ఇది వేరు) లేని అభ్యర్థనను అప్పుడు టన్నెలే వెనక్కి కొడుతుంది.

6. పరీక్ష. వైఫై ఆపి, ఫోన్‌లో ఇన్‌కాగ్నిటోలో తెరవండి. యాప్ కాదు, గేటు పేజీ రావాలి. జాబితాలో లేని ఈమెయిల్‌తోనూ చూడండి. కోడు పంపామనే పేజీ చెబుతుంది, కానీ ఏమీ రాదు. జాబితాలో ఎవరున్నారో బయటివాళ్లు పసిగట్టకుండా ఈ ఏర్పాటు. మీ మనిషికే కోడు రాలేదంటే నెట్‌వర్క్‌ను తిట్టుకునే ముందు పాలసీలో ఈమెయిల్ అక్షరం అక్షరం చూడండి, తర్వాత స్పామ్ ఫోల్డర్.

ఎర్రర్ 1033 వస్తే టన్నెల్ నడవడం లేదు. 502 వస్తే టన్నెల్ బాగానే ఉంది, యాప్ పడిపోయింది లేదా పోర్టు తప్పు రాశారు.

మనిషి పని మానేసిన రోజే పాలసీలోంచి ఈమెయిల్ తీసేసి, అతని సెషన్ కూడా రివోక్ (రద్దు) చేయండి. లేకపోతే ఫోన్‌లో తెరిచి ఉన్న సెషన్ గడువు దాకా నడవొచ్చు.

ఇక కరెంటు. రౌటర్‌ను కూడా యూపీఎస్‌కే తగిలించండి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే కంప్యూటర్ సెట్టింగులు) కరెంటు తిరిగొచ్చాక కంప్యూటర్ తనంతట తానే లేచే అమరిక పెట్టండి. టన్నెల్ సర్వీసు కాబట్టి దానంతటదే మొదలవుతుంది. యాప్‌ను కూడా సర్వీసుగా పెట్టకపోతే, రాత్రి కరెంటు పోయొచ్చిన మర్నాడు గోదాములో కనబడేది 502యే.