కువైట్ పోయిన భార్య, కడపలో ఉండిపోయిన భర్త: కథలో మనుషుల్ని ఎట్లా రాయాలి

నేను కడప ఏడు రోడ్ల దగ్గర టైలర్ని. నా భార్య 2011లో ఇంటిపనికి కువైట్ పోయి 2015లో వచ్చింది. ఆ నాలుగేళ్లు రాత్రిపూట నిద్ర పట్టక కథలు రాయడం మొదలుపెట్టాను. ఈమధ్య కాలేజీ పిల్లలు కొందరు వాళ్ల కథలు తెచ్చి చూపిస్తున్నారు. అన్నింట్లోనూ దూరదేశం, దిగులు, కన్నీళ్లు ఉంటాయి. మనిషి మాత్రం కనబడడు. వాళ్లకు చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అప్పు లెక్క రాసుకోండి. అది కథలోకి రాకపోయినా మీ దగ్గర ఉండాలి. ఆమె ఎందుకు పోయింది? 'పేదరికం వల్ల' అంటే జవాబు కాదు. బోరు ఎండి చీనీ చెట్లు కొట్టేశారా, ఆడపిల్ల పెళ్లా, మిద్దె సగంలో ఆగిందా? మా ఇంట్లో అది మా నాన్న ఆపరేషన్ అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ. ఆ మూడు రూపాయలు తెలిస్తే, మొదటి జీతం చేతికి రాగానే ఆమె ఏం చేస్తుందో మీకు దానంతటదే తెలుస్తుంది.

వయసు కూడా చూసుకోండి. పదో తరగతి పాసవ్వని ఆడమనిషి గల్ఫ్‌కు ఇంటిపనికి పోవాలంటే ముప్పై ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. మీరు ఇరవై రెండేళ్ల కొత్త పెళ్లికూతుర్ని ఖాదిమ్ వీసా, అంటే ఇంటిపనివాళ్ల వీసా మీద పంపిస్తే, కాగితాల్లో ఆమె వయసు పెంచిన ఏజెంటు కూడా కథలోకి రావాలి. రానివ్వండి. ఆ అబద్ధపు వయసును ఆమె నాలుగేళ్లు మోయాలి కదా.

ఇంక గడియారం. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. నేను తొమ్మిదికి షాపు మూసేటప్పుడు అక్కడ ఆరున్నర. దివానియాలో, అంటే మగవాళ్లు కూడి మాట్లాడుకునే గదిలో, కూర్చున్నవాళ్లకు చాయ్ మీద చాయ్ పోయాల్సిన వేళ అది. ఆమె గిన్నెలు కడిగి పడుకునేసరికి వాళ్లకు పదకొండున్నర, మనకు రెండు. రంజాన్ నెలలో వంటిల్లు తెల్లవార్లూ నడుస్తుంది. అప్పుడు సహర్ భోజనాలు, అంటే తెల్లవారకముందు ఉపవాసానికి ముందు తినేవి, అయినాక, మనకు ఉదయం ఆరు గంటలప్పుడు ఫోన్ వచ్చేది. కాబట్టి రాత్రి తొమ్మిదికి భార్యాభర్తలు తీరిగ్గా మాట్లాడుకున్నారని రాస్తే, ఆ బతుకు చూసినవాళ్లు నమ్మరు. అమెరికా కథ అయినా ఇంతే. న్యూజెర్సీకి మనకు ఎండాకాలం తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలం పదిన్నర. మొగుడి ఉద్యోగ వీసాను బట్టి ఇచ్చే హెచ్-4 వీసా మీద పోయిన భార్యలకు 2015 దాకా అక్కడ ఉద్యోగం చేసే వీలే లేదు. ఆ తర్వాత కూడా కొందరికే వచ్చింది. ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి పగలంతా ఫ్లాట్‌లో ఎందుకు కూర్చుందో ఆ ఒక్క సంగతి చెబుతుంది.

ఫోన్లో ఏం మాట్లాడుకున్నారని పేజీలు నింపొద్దు. మాకు మిస్డ్ కాల్ ఉండేది. రెండు రింగులంటే బాగున్నానని. కాసేపటికి మళ్లీ రెండు వస్తే డబ్బు పంపానని. ఒకసారి పదకొండు రోజులు ఏ రింగూ రాలేదు. ఆ పదకొండు రోజుల్లో నేను కుట్టిన ప్యాంట్లలో మూడు తిరిగి వచ్చాయి, పొడవు తప్పాయని.

'ఒంటరితనం' అనే మాట కథలో ఎక్కడా వాడకండి. చేతులకు పని ఇవ్వండి. మా పాప డిగ్రీలో ఉన్నప్పుడు ఝుంపా లాహిరి అనే ఇంగ్లీషు రచయిత్రి కథ ఒకటి చదివి చెప్పింది. అందులో మిసెస్ సేన్ అమెరికాలో నేల మీద కూర్చుని, ఊరి నుంచి తెచ్చుకున్న కత్తిపీటతో కూరగాయలు తరుగుతుంది. కారు నడపడమంటే ఆమెకు భయం. నాకు ఆ కత్తిపీట చాలు, ఆమె ఎవరో తెలిసిపోయింది.

ఉండిపోయిన మొగుణ్ణి తాగుబోతుగా రాయడం కూడా మానండి. అట్లాంటివాళ్లు లేరని కాదు. కానీ పాప తలకు రెండు జడలు వేయడం నేర్చుకున్న మొగుళ్లూ ఉన్నారు, రాగి సంగటి గడ్డ కట్టకుండా కెలకడం నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. అరబ్బు ఇంటి 'మామా', అంటే ఆ ఇంటి యజమానురాలు, కూడా అంతే. నా భార్య పాస్‌పోర్టును బీరువాలో పెట్టి తాళం వేసిందీ ఆమే, వచ్చేటప్పుడు పట్టుకుని ఏడ్చిందీ ఆమే. రెండూ రాయండి. ఒకటి తీసేస్తే మనిషి సగమైపోతుంది.

ఇంక మొగుడూ పెళ్లాల కాపురం. మీరంతా కథను ఎయిర్‌పోర్టులో ఆపేస్తున్నారు. అసలు అక్కడే మొదలుపెట్టాలి. ఆమె వచ్చిన మొదటి వారం మా ఇంట్లో వంటింటి దగ్గర ఇద్దరం ఢీకొట్టుకునేవాళ్లం. పోపు డబ్బా నేను ఎడమవైపు పెట్టుకుని ఉన్నాను, ఆమె చెయ్యి కుడివైపు పోతుంది. పాపను 'యల్లా, యల్లా' అని తొందరపెడుతుంది, పాప నా మొహం చూస్తుంది. నేను చాయ్ పెట్టి ఇస్తే లేచి నిలబడి తాగింది. కూర్చోమంటే, 'అలవాటయింది' అంది. ఎవరి తప్పూ లేకుండా ఇద్దరూ కొత్తవాళ్లయిపోవడం ఎట్లా ఉంటుందో అదే రాయాలి. కష్టం. నేను మూడుసార్లు రాసి చించేశాను.

ఏటా దసరాకు ఆమెకని ఒక జాకెట్టు కుట్టి పెట్టేవాణ్ణి, కొలతల పుస్తకంలో ఉన్న పాత కొలతల మీద. నాలుగు అయ్యాయి. వచ్చిన నాలుగో రోజు బీరువాలోంచి తీసి ఇచ్చాను. ఒకటి వేసుకుని చూసింది. భుజాల మీద నిలబడలేదు, జారిపోయింది. మిగతా మూడూ చేతిలో తిప్పి చూసి, 'ఎవురికి కుట్టినావు ఇవి?' అని అడిగింది.

నేను టేపు తీసుకున్నాను.