సీజన్ కలెక్షన్లను చూడటం, చూసినదాన్ని రాసుకోవడం

డిజైనర్ కలెక్షన్ ఒకటి బయటికొచ్చిన రాత్రే దాని మీద వందల అభిప్రాయాలు వెలువడతాయి గానీ, వాటిలో చాలావరకు "అద్భుతంగా ఉంది", "ఈసారి తేలిపోయింది" అన్న రెండు మాటల దగ్గరే ఆగిపోతాయి. ఆర్నెల్ల తరవాత తిరిగి చదువుకుంటే, ఏ దుస్తుల గురించి అలా అన్నారో రాసినవారికే గుర్తురాదు. కలెక్షన్లను గమనించి సొంత అభిప్రాయం ఏర్పరచుకోవాలని, రాబోయే ట్రెండును కాస్త ముందుగా పసిగట్టాలని ఉన్నవారు మొదట బట్టను, కత్తిరింపును చూడాలి. వేదిక అలంకరణ, సంగీతం, ముందు వరసలో కూర్చున్న తారలు ఆ తరవాతి సంగతి. ఈ క్రమం తలకిందులైతే మనం రాసుకునేది దుస్తుల గురించి కాక వేడుక గురించి అవుతుంది.

ఏ ప్రదర్శన ఏ కాలానికి ఉద్దేశించినదో ముందుగా తెలిసి ఉండాలి. న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్ నగరాల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరిగేవి రాబోయే ఆటమ్-వింటర్ కలెక్షన్లు. సెప్టెంబరు నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా జరిగేవి మరుసటి ఏడాది స్ప్రింగ్-సమ్మర్‌కు చెందినవి. దుకాణాల వారు ఆర్డర్లు ఇవ్వడానికి, ఆ ఆర్డర్ల మేరకు దుస్తులు తయారై రావడానికి ఆ మధ్య కాలం కావాలి. పారిస్‌లో జనవరి, జులై నెలల్లో జరిగే ఓట్ కోచర్ ప్రదర్శనల లెక్క వేరు; అవి కొనేవారి కొలతలకు చాలాభాగం చేతితో కుట్టే దుస్తులు కాబట్టి, అక్కడ అమ్మకం కంటే పనితనాన్నే ఎక్కువగా చూడాలి. మన దేశంలో ల్యాక్మే ఫ్యాషన్ వీక్, ఫ్యాషన్ డిజైన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కలిసి నడుపుతున్న ప్రదర్శనలు కొన్నేళ్లుగా మార్చి, అక్టోబరు నెలల్లోనూ, ఇండియా కోచర్ వీక్ జులైలో ఢిల్లీలోనూ జరుగుతున్నాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండేవారికి వింటర్ కలెక్షన్ అంటే ఉన్ని కోటు కాదు. దసరా, దీపావళి, వాటి వెంట కార్తీకం నుంచి మాఘం దాకా నడిచే పెళ్లిళ్లు. అందువల్ల మన డిజైనర్ల ఫెస్టివ్ కలెక్షన్‌ను అంచనా వేసేటప్పుడు, ఆ లెహంగాతో పెళ్లి పీటల మీద కింద కూర్చోగలమా, భోజనాల బంతిలో చెయ్యి కదపగలమా అన్న ప్రశ్న వేసుకోవడం చిన్నతనమేమీ కాదు. పారిస్ కోటు విషయంలో ఆ ప్రశ్నకు చోటు లేదు.

చూసేటప్పుడు ప్రతి ప్రదర్శననూ రెండుసార్లు చూడాలని నా సలహా. మొదటిసారి డిజైనర్ విడుదల చేసిన ప్రకటనను చదవకుండా, ఎక్కడా ఆపకుండా వీడియో మొత్తం చూసి, అయిపోగానే గుర్తున్నవి మాత్రమే రాసుకోవాలి. ప్రకటన ముందే చదివితే అందులోని మాటలే కళ్లకు కనిపిస్తాయి. ఆయన సముద్రం అన్నాడు కాబట్టి ప్రతి మడతా అలలా తోస్తుంది. రెండోసారి ఫొటోలు ముందు పెట్టుకుని ఒక్కొక్క లుక్, అంటే ఒక్కో మోడల్ వేసుకున్న మొత్తం దుస్తుల దగ్గరా ఆగి చూడాలి. వీడియో ఎందుకంటే, బట్ట నడకలోనే బయటపడుతుంది: ఆర్గాంజా ఒంటికి దూరంగా నిలబడుతుంది, క్రేప్ ఒంటిని పట్టుకుని జారుతుంది, టిష్యూ చీర నాలుగు అడుగులు వేసేసరికి ఎక్కడ నలిగితే అక్కడే గీత నిలుస్తుంది. ఫొటోలో ఈ తేడాలు సగం మాయమవుతాయి. 2022 సెప్టెంబరులో మిలాన్‌లో ఇటలీ సంస్థ బొట్టెగా వెనెటా ప్రదర్శనలో బ్రిటిష్ మోడల్ కేట్ మాస్ గళ్ల చొక్కా, జీన్స్ వేసుకుని నడిచినప్పుడు, ఇంత మామూలు దుస్తులకు ర్యాంప్ ఎందుకని ఫొటో చూసినవారికి అనిపించడం సహజం. తీరా ఆ చొక్కా, ఆ జీన్స్ రెండూ తోలు మీద ముద్ర వేసి చేసినవి. బట్ట ఏమిటో తేలనంతవరకు అభిప్రాయం చెప్పకపోవడమే మంచిదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక రాయడం. విశేషణాలతో మొదలుపెట్టకుండా, ఉన్న వస్తువులను ఉన్నట్టు పేర్కొంటూ మొదలుపెట్టాలి. దీనికి కొత్త కలెక్షన్ల కంటే మ్యూజియంలో నిలిచిపోయిన దుస్తుల మీద అభ్యాసం చేయడం సులువు. 1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ తన మొదటి కలెక్షన్‌లో చూపిన 'బార్' సూట్‌ను తీసుకోండి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఒకటి ఉంది, దాని చిత్రాలు ఎవరైనా చూడవచ్చు. "ఎంతో సొగసుగా, స్త్రీత్వం ఉట్టిపడేలా ఉంది" అని రాస్తే అది ఏ దుస్తులకైనా అతుకుతుంది. దానికి బదులు ఇలా రాయవచ్చు: "పాల తెలుపు పట్టు జాకెట్, భుజాలు గుండ్రంగా, ఒంటి గీతను దాటకుండా ఉన్నాయి. నడుం దగ్గర గట్టిగా బిగించి, అక్కడినుంచి తుంటి మీదికి అంచు విచ్చుకుంది; ఆ ఉబ్బు బట్టది కాదు, లోపల మెత్త పెట్టినట్టుంది. కింద మడతల నల్ల ఉన్ని స్కర్టు, పిక్కల దాకా పొడవు." ఈ నాలుగు ముక్కలు రాసుకున్నాకనే ప్రశ్న పుడుతుంది: ఇంత బట్ట ఎందుకు? యుద్ధకాలంలో బట్టకు రేషన్ ఉండేది, స్కర్టులు పొట్టిగా, భుజాలు చదరంగా ఉండేవి. డియోర్ వాటన్నిటినీ ఒక్కసారిగా తిరగేశాడు. హార్పర్స్ బజార్ సంపాదకురాలు కార్మెల్ స్నో నోట వచ్చిన 'న్యూ లుక్' అన్న మాట ఆ కలెక్షన్‌కు స్థిరపడిపోయింది. బట్ట దుబారా అని కొందరు స్త్రీలు బహిరంగంగానే నిరసన తెలిపారు. పొగడ్తకైనా తెగడ్తకైనా అవతలివారు కాదనలేని ఆధారం ఇలాంటి వర్ణన నుంచే దొరుకుతుంది.

ప్రదర్శనలో మొట్టమొదటి లుక్‌కు ప్రత్యేకంగా ఒక పేరా కేటాయించాలి, ఎందుకంటే డిజైనర్ తాను చెప్పదలచుకున్నదాన్ని సాధారణంగా అక్కడే పెడతాడు. 2025 డిసెంబరులో న్యూయార్క్‌లోని బవరీ సబ్‌వే స్టేషన్‌లో జరిగిన షనెల్ మెతియే దార్ ప్రదర్శనను హైదరాబాదు అమ్మాయి భవిత మండవ మొదలుపెట్టింది. షనెల్ ప్రదర్శనను ప్రారంభించిన మొదటి భారతీయ మోడల్ ఆమే. మనవాళ్లలో చాలామంది ఆ వార్తను పంచుకున్నారు గానీ, ఆమె ఏం వేసుకుందో చెప్పినవారు తక్కువ. ఎంబ్రాయిడరీకి పేరుపడిన లెసాజ్, ఈకల పనికి పేరుపడిన లెమరియే వంటి కార్ఖానాల నైపుణ్యాన్ని చాటడానికే ఏటా జరిపే ప్రదర్శన అది. అలాంటి చోట డిజైనర్ మత్యూ బ్లాజీ మొదటగా పంపింది మెడ దగ్గర జిప్పున్న స్వెటర్‌ను, జీన్స్‌ను. పైన చెప్పిన తోలు జీన్స్‌ను బొట్టెగా వెనెటాలో చేసింది కూడా ఆయనే కాబట్టి, మామూలుగా కనిపించే దుస్తుల్లో అసాధారణమైన పనితనాన్ని దాచడం ఆయనకు పాత అలవాటని, షనెల్‌కు వచ్చినా దాన్ని వదల్లేదని రాయవచ్చు. మన అమ్మాయి అన్న సంతోషాన్ని చెరిపేయనక్కర్లేదు; దాన్ని నోటు పుస్తకంలో వేరే పేరాలో రాసుకోండి, దుస్తుల అంచనాలో కలపకండి.

చేతిపని ఉన్న కలెక్షన్ల దగ్గర మన ప్రాంతపు పాఠకులకు ఒక అదనపు బలం ఉంది. నేత, అద్దకం, మగ్గం వర్క్ మన ఇళ్లలో రోజూ చూసేవే కాబట్టి, ఖరీదైన బ్రాండు పేరు చూసి తడబడనక్కర్లేదు. హైదరాబాదుకు చెందిన గౌరంగ్ షా కలెక్షన్లలో జాందానీని చూస్తున్నప్పుడు, వీలైతే కొంగు వెనక వైపు చూపే చిత్రం కోసం వెతకండి. జాందానీలో పువ్వు ఉన్నచోట మాత్రమే అదనపు పేక దారాన్ని నేతగాడు చేత్తో పడుగులోకి ఎక్కిస్తాడు. నాణ్యమైన ఉప్పాడ చీరలో బుటా రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. యంత్రం మీద నేసిన నకలులో అయితే వెనక దారాలు ఒక బుటా నుంచి మరో బుటాకు వేలాడుతూనో, కత్తిరించిన కొసలు పొడుచుకొస్తూనో కనిపిస్తాయి. దారాలకు ముందే అద్దకం వేసి ఆ తరవాత నేసే పుట్టపాక తేలియా రుమాలును ఆధారంగా తీసుకున్న దుస్తుల్లో ఎరుపు, నలుపు, తెలుపు కలిసే చోట గీత సన్నగా చెదిరినట్టుండాలి. గీత గీసినట్టు పదునుగా ఉంటే అది నేత కాదు, ప్రింటు.

ఎవరి పని అన్నది కూడా రాసుకోండి. 2023 మార్చి 30న డియోర్ ముంబయిలో గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు ప్రదర్శన జరిపినప్పుడు, అక్కడ కట్టిన భారీ తోరణం ముంబయిలోని చాణక్య స్కూల్ ఆఫ్ క్రాఫ్ట్ కళాకారులు కుట్టినదని సంస్థే చెప్పుకుంది. 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా పురుషుల కలెక్షన్‌లో బొటనవేలు దూర్చుకునే తోలు చెప్పులు కనిపించినప్పుడు మాత్రం కొల్హాపురి ప్రస్తావన రాలేదు. కొల్హాపురి చెప్పులు 2019లోనే భౌగోళిక గుర్తింపు పొందినవి. మహారాష్ట్ర నుంచి అభ్యంతరాలు వచ్చాక గానీ వాటికి భారతీయ చేతిపనితో ఉన్న సంబంధాన్ని ప్రాడా అంగీకరించలేదు. నా మట్టుకు నేను, రెండో రకం కలెక్షన్ ఎంత బాగున్నా ఆ లోటును అభిప్రాయంలో తప్పక రాస్తాను.

ట్రెండును గుర్తించడం ఇంకాస్త ఓపిక అడిగే పని. ఒకే డిజైనర్ ఇరవై లుక్కుల్లో ఒకే ఆకారాన్ని చూపితే అది అతని ఇష్టం మాత్రమే. ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు, వేర్వేరు నగరాల్లో, ఒకే సీజన్లో అదే ఆకారం దగ్గరికి వస్తే అప్పుడు గుర్తు పెట్టుకోవాలి. రంగును నేను చివరగా పట్టించుకుంటాను. ఏటా ఒక రంగును 'ఈ ఏటి రంగు'గా ప్రకటించే ప్యాంటోన్ సంస్థ 2025కు మోకా మూస్ అనే గోధుమ ఛాయను, 2026కు క్లౌడ్ డ్యాన్సర్ అనే తెలుపును ప్రకటించింది. ఇలాంటి ప్రకటనలు వ్యాపారానికి పనికొస్తాయేమో గానీ, రంగు ఏడాది తిరిగేసరికి మారిపోతుంది. ఆకారం అలా కాదు. బిగుతు జీన్స్ ఏళ్ల తరబడి రాజ్యమేలి, వెడల్పు కాళ్ల ప్యాంట్లకు చోటిచ్చిన మార్పు నిదానంగా వచ్చింది, వచ్చాక నిలిచింది.

విమర్శకుల తొలి స్పందనను కూడా ఆచితూచి తీసుకోవాలి. 1971 జనవరిలో ఫ్రెంచ్ డిజైనర్ ఈవ్ సాన్ లొరాన్ 1940ల నాటి చదరపు భుజాలను, ఎత్తు మడమల బూట్లను, తలపాగాలను తిరిగి తెచ్చినప్పుడు, జర్మన్ ఆక్రమణ కాలపు పారిస్‌ను గుర్తుచేస్తున్నాయని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆ దశకంలో పాత కాలపు దుస్తుల మీద పెరిగిన మోజుకు దారి తీసిన వాటిలో ఆ కలెక్షన్‌నే తరవాత చెప్పుకున్నారు.

మన దగ్గర ట్రెండు ఏ గుమ్మంలోంచి ఇంట్లోకి వస్తుందో గమనించడం మరింత ఆసక్తికరం. 2017 డిసెంబరులో అనుష్క శర్మ తన పెళ్లిలో సబ్యసాచి ముఖర్జీ రూపొందించిన లేత గులాబీ లెహంగా వేసుకున్నాక, పెళ్లికూతుళ్ల దుస్తుల్లో లేత రంగులకు గిరాకీ పెరిగింది. తెలుగు పెళ్లిలో ముహూర్తానికి పట్టుచీర, మధుపర్కాలు ఉండనే ఉంటాయి కాబట్టి, అక్కడ కొత్తదనానికి చోటు తక్కువ. లేత రంగులు, కార్సెట్ బ్లౌజు, ముందే కుచ్చిళ్లు కుట్టిన చీర వంటివన్నీ సంగీత్, రిసెప్షన్ల ద్వారానే మన ఇళ్లకు వచ్చాయి. ఒక కలెక్షన్ ఇక్కడ చెల్లుతుందా లేదా అని అంచనా వేసేటప్పుడు, అది పెళ్లిలో ఏ పూటకు సరిపోతుందో అడిగితే జవాబు త్వరగా తేలుతుంది.

నచ్చిన లుక్‌ను కుట్టించుకోవాలనుకుంటే టైలర్ దగ్గరికి ముందు వైపు ఫొటో ఒక్కటే తీసుకెళ్లకండి. వెనక, పక్క వైపుల చిత్రాలతో పాటు మీరు రాసుకున్న వర్ణన కూడా చదివి వినిపించండి. ఆర్గాంజాకు గీసిన కత్తిరింపు క్రేప్ మీద నిలబడదు, బట్టను ఏటవాలుగా కత్తిరించే క్రాస్ కటింగ్‌కు మామూలు కంటే ఎక్కువ బట్ట పడుతుంది, కాబట్టి బట్ట కొనకముందే టైలర్‌ను అడగాలి. పారిస్ కోచర్ సంస్థల్లో అసలు బట్ట ముట్టుకోకముందు చవకైన తెల్ల నూలు బట్టతో నమూనా కుట్టి సరిచూస్తారు. మీరూ లాంగ్ క్లాత్‌తో ఒక నమూనా కుట్టించి, వేసుకుని, చేతులు పైకెత్తి, కింద కూర్చుని లేచి, ఎక్కడ పట్టేస్తోందో చాక్‌పీసుతో గుర్తు పెట్టించాకే పట్టు మీద కత్తెర పెట్టమనండి.