అమ్మాయిని ఇంటర్ హాస్టల్లో చేర్చేముందు

జూన్ వస్తోందంటే ట్రంకు పెట్టె, బకెట్, దుప్పట్లు అన్నీ గుర్తుంటాయి. ప్రేమ పేరుతో జరిగే హింస గురించి మాత్రం ఇంట్లో ఎవరూ నోరు విప్పరు. పదహారేళ్ల పిల్లకి అవన్నీ ఎందుకనుకుంటాం. మొదలయ్యేది ఆ వయసులోనే.

చెయ్యి చేసుకోవడం చాలాసార్లు తర్వాతి సంగతి. ప్రేమిస్తున్నానన్న అబ్బాయి ముందు "రాత్రి పదకొండున్నరకి ఆన్‌లైన్‌లో ఎందుకున్నావ్?", "ఇన్‌స్టా పాస్‌వర్డ్ ఇవ్వు", "ఆ పిల్లతో తిరగకు" అంటాడు. కాదంటే చెయ్యి కోసుకుంటానని బెదిరిస్తాడు. పిల్లకి ఇదంతా ప్రేమలాగే కనిపిస్తుంది. ఇంట్లో తాగొచ్చి కొట్టే నాన్నను చూస్తూ పెరిగిన పిల్లకి, అమ్మ గల్ఫ్‌లో ఉంటే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లకి ఇది తప్పని చెప్పేవాళ్లు మరీ తక్కువ.

పిల్ల ఫొటో బయటపెడతానని బెదిరించేవాడి ధైర్యమంతా ఒక్కటే: ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించి పెళ్లి చేసేస్తారని ఆ పిల్లకి భయం. కాబట్టి అసలు జాగ్రత్త తీసుకోవాల్సింది మనం. "ఏం జరిగినా చెప్పు, చదువు మాన్పించం" అని ఇప్పుడే, నాన్న కూడా ఉండగా చెప్పండి. చెప్పిన రోజున "అసలు నువ్వెందుకు వెళ్లావ్?" అనకండి.

బెదిరింపు వస్తే డబ్బివ్వద్దు, ఇంకో ఫొటో పంపొద్దు. చాట్ డిలీట్ చేయకుండా వాడి ఐడీ, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఫోన్ చేయండి. అప్పటికప్పుడు ప్రమాదముంటే అత్యవసర నంబర్ 112. పద్దెనిమిది నిండని పిల్ల విషయంలో "ఇష్టపడే వచ్చింది" అన్న వాదన పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం ముందు నిలవదు. పేపర్లో ఆ పిల్ల పేరు వేయకూడదు కూడా.

లైంగిక దాడి జరిగితే స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రైవేటు ఆసుపత్రయినా ఉచితంగా చికిత్స చేయాల్సిందే. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. గర్భం రాకుండా వేసే మాత్ర ఎంత త్వరగా వేస్తే అంత మంచిది. పరువు గురించి ఆలోచిస్తూ కూర్చుంటే ఆ టైమ్ కాస్తా అయిపోతుంది.

చాలా హాస్టళ్లలో ఫోన్ ఉండనివ్వరు. నంబర్లు నోట్‌బుక్ వెనక రాయించండి. వార్డెన్ పక్కనే నిలబడి ఉన్నా చెప్పగలిగే మాటొకటి ముందే అనుకోండి, "కళ్లజోడు విరిగింది" లాంటిది. ఆ మాట వినపడితే ఆదివారం విజిటింగ్ దాకా ఆగకుండా బయల్దేరండి.