అమెరికాలో టాక్స్ ఫైల్ చేసే ముందు మన పిల్లలు చూసుకోవాల్సినవి

తిరుపతి నుంచి ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద వెళ్లి క్యాంపస్‌లో పని చేస్తున్నారా? ఏప్రిల్ 15 దగ్గరపడే దాకా ఆగొద్దు, ముందు పే స్టబ్ (జీతం స్లిప్) తెరవండి.

అందులో సోషల్ సెక్యూరిటీ (పింఛను పథకం) 6.2 శాతం, మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) 1.45 శాతం కోత కనిపిస్తే వెంటనే పేరోల్ ఆఫీసులో అడగండి, ఎందుకంటే మామూలుగా మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు మీరు టాక్స్ లెక్కల్లో నాన్‌రెసిడెంట్లే, క్యాంపస్ జీతంలో ఆ కోత పడకూడదు. మా తమ్ముడికి మూడు నెలలు పడింది. వాడు వాట్సాప్‌లో పంపిన స్లిప్‌ని భవానీనగర్‌లో మా ఇంట్లో కూర్చుని జూమ్ చేస్తే ఆ రెండు లైన్లు కనిపించాయి, అడిగాక వెనక్కి ఇచ్చారు.

ఏడాది జీతం, కోతలు రాసి యజమాని ఇచ్చే డబ్ల్యూ-2 ఫారంలో ఇంటిపేరు, పేరు తారుమారయ్యాయేమో చూడండి, మనవాళ్లకి ఇది మామూలే.

మీరు ఫైల్ చేయాల్సింది మామూలు ఫారం 1040 కాదు, నాన్‌రెసిడెంట్ల కోసం ఉన్న 1040-ఎన్‌ఆర్. రూమ్మేట్ వాడాడని ఏ సాఫ్ట్‌వేర్ పడితే అది వాడేయకండి, చాలావాటిలో ఈ ఫారమే ఉండదు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కించే ముందు ఆదాయంలోంచి తీసేసే నిర్ణీత మొత్తం) వస్తుంది, దయచేసి దాన్ని వదులుకోకండి.

జీతమే లేకపోయినా, అమెరికాలో ఉన్న రోజుల వివరాలిచ్చే ఫారం 8843 పంపాలి. కాపీలు అమ్మానాన్నల ఫోన్లో కూడా ఉంచండి.